‘నీళ్ళు ముట్టనేదమ్మా’: నర్సింగ్ విద్యార్థులకు వార్డులో వినడం, నోట్‌బుక్‌లో రాయడం

ట్రైనింగ్ రెండో ఏడాదిలో నన్ను డయాలసిస్ యూనిట్‌లో వేశారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి ఒక తాత వచ్చేవాడు. కొబ్బరి తోటల్లో బతుకంతా గడిపిన మనిషి. వచ్చిన ప్రతిసారీ మూడు నాలుగు కిలోలు పెరిగి ఉండేవాడు. రెండు డయాలసిస్‌ల మధ్య అలా పెరిగేది ఒంట్లో నిలిచిపోయిన నీటి బరువు. “తాతా, నీళ్ళు తగ్గించాలి” అని చెప్పాను. తలూపాడు. మళ్ళీ అదే బరువు. ఈసారి గొంతు పెంచాను. నా నోట్స్‌లో ‘చెప్పిన మాట వినడం లేదు’ అని రాసుకున్నాను కూడా.

మూడోసారి నేను మొదలుపెట్టేలోపే, గది తుడుస్తున్న ఆయా చీపురు పక్కన పెట్టి, “పొద్దున్నేటి తాగొచ్చినావు తాతా?” అంది.

“సోడంబలమ్మా, రెండు సెంబులు. నీళ్ళు మాత్రం ముట్టనేదు.”

ఆయన అబద్ధం ఆడలేదు. నేను ‘నీళ్ళు’ అన్నాను, నీళ్ళే మానేశాడు. సోడంబలి అంటే చోళ్ళ (రాగి) అంబలి, అది ఆయన లెక్కలో తిండి. గంజి తిండి. మజ్జిగ కూడా తిండే. వినని మనిషి ఎవరో ఆ పూట తెలిసింది.

శ్రీకాకుళంలో విద్యార్థులను వార్డులకు తీసుకెళ్ళే పనిలో ఉన్నాను ఇప్పుడు. ‘సంపూర్ణ సంరక్షణ’, ‘రోగి కేంద్రిత సేవ’ అని పరీక్షలో రెండు పేజీలు రాసేసే పిల్లలు మంచం దగ్గరికి వచ్చేసరికి బీపీ మిషన్‌తో మాట్లాడతారు. అందుకే ఈ దారి రాస్తున్నాను. మొదటి భాగం వార్డులో చేసేది, రెండోది హాస్టల్‌కి వచ్చాక నోట్‌బుక్‌లో చేసేది. రెండోది లేకపోతే మొదటిది నాలుగు నెలల్లో అలవాటుగా మారి మొద్దుబారిపోతుంది.

1. కేస్ షీట్ కన్నా ముందు మనిషిని చూడండి

డ్యూటీ మొదలవగానే కేస్ షీట్ లాక్కుని చదవడం మనకు అలవాటు. మందులు ఇచ్చే ముందు తప్పకుండా చదవాలి, అందులో రాజీ లేదు. కానీ మొదటి పరిచయానికి అర నిమిషం ముందు, మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఊరికే చూడండి. మనిషి ఎటు తిరిగి పడుకున్నాడు? మంచం కింద సంచీలో ఏముంది? ఎండు కొమ్మో, తెచ్చిన సద్దిగిన్నో, పాత ప్రిస్క్రిప్షన్ల కట్టో కనిపిస్తుంది. పక్కన అటెండెంట్ ఉన్నారా? ఉంటే కూతురా, కోడలా, పక్కింటావిడా? మన జిల్లాల్లో కొడుకులు చెన్నైలోనో హైదరాబాదులోనో పనికి పోయి ఉంటారు. ముసలివాళ్ళ పక్కన ముసలివాళ్ళే ఉండడం మామూలు. రాత్రి కేన్యులా (సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టే సన్న గొట్టం) ఊడిపోతే నర్సును పిలవగలిగేది ఎవరు అన్నది అక్కడే తెలిసిపోతుంది.

2. పలకరింపు

ఇది చిన్నగా చెప్పేస్తాను. మీ పేరు, మీరు స్టూడెంట్ అన్న సంగతి చెప్పండి. దాచకండి, తెల్ల కోటు వేసుకుని డాక్టరమ్మ అనిపించుకోవాలని చూడకండి. ‘నాలుగో బెడ్’ అని పిలవకండి, ‘షుగర్ కేస్’ అని అసలే వద్దు. పెద్దవాళ్ళను ఎలా పిలవాలో తెలియకపోతే అడగండి. మన వైపు తాత, మామ్మ, అప్ప, మావ అన్న పిలుపుకి మొహం విప్పారుతుంది. అయితే రిటైరైన హెడ్మాస్టారుని మొదటి పూటే తాతా అంటే ఆయనకి గుచ్చుకోవచ్చు. పేరు చివర గారు పెట్టి మొదలుపెడితే ఎవరికీ నష్టం లేదు, దగ్గరితనం వాళ్ళే ఇస్తారు.

ముట్టుకునే ముందు చెప్పండి. “నాడి చూస్తానమ్మా, చెయ్యి ఇలా ఇవ్వండి.” ఈ ఒక్క వాక్యానికి మూడు సెకన్లు పడుతుంది.

3. అడిగింది ఆపి, చెప్పింది రాయండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడదాం.

‘నొప్పి ఉందా? జ్వరం ఉందా? విరేచనం అయిందా?’ అని మనం అడిగితే వాళ్ళు అవును, లేదు అని జవాబు ఇస్తారు. ఆ జవాబులన్నీ మన ప్రశ్నల చుట్టూ తిరుగుతాయే గానీ వాళ్ళ జబ్బు చుట్టూ కాదు. మొదటి ప్రశ్న తెరిచి ఉంచండి: “ఎలాగుందండీ ఇవాళ?” లేదా “ఏ ఇబ్బందితో వచ్చారు, మొదట్నించీ చెప్పండి.” అడిగాక నోరు మూసుకోండి. ఒక నిమిషం పాటు మధ్యలోకి వెళ్ళకుండా వినడం మొదటిసారి ఎంత కష్టమో మీరే చూస్తారు. ముసలాయన పొలం సంగతీ, బస్సు దొరకని సంగతీ చెప్తాడు. విసుగొస్తుంది. చెప్పనివ్వండి. “మొన్న కోతలప్పుడు నడుం పట్టేసింది, మెడికల్ షాపు బిళ్ళలు పది రోజులు మింగినాను” అన్న మాట ఆ సోదిలోనే ఎక్కడో దొర్లుతుంది. కిడ్నీ దెబ్బతిన్న మనిషి డాక్టరుకు చెప్పకుండా నొప్పి బిళ్ళలు వాడడం ఎంత ప్రమాదమో మీకు తెలుసు. ‘ఏ మందులు వాడుతున్నారు?’ అని అడిగి ఉంటే బీపీ మందు పేరు చెప్పి ఊరుకునేవాడు, నొప్పి బిళ్ళ ఆయనకు మందు లెక్కలోకి రాదు.

వాళ్ళ మాటని వాళ్ళ మాటగానే రాసుకోండి, వెంటనే మన భాషలోకి మార్చేయకండి. ‘పేనం బాగోనేదు’ అంటే వికారమా, దిగులా, నీరసమా? మూడూ కావచ్చు. ‘కాళ్ళు పీకుతన్నాయి’, ‘గుండెల్లో మంట’, ‘కళ్ళు బైర్లు కమ్మినాయి’, ‘ఊపిరాడత నేదు’ అన్నవి ఒక్కొక్కటీ ఒక్కో ఆధారం. గుండెల్లో మంటను అజీర్తి అని మీరే తేల్చేసి రాస్తే, అది గుండెపోటు అయినప్పుడు ఆ రాత ఎవరి ప్రాణం మీదికి తెస్తుందో ఆలోచించండి. యథాతథంగా రాసి, పక్కన ‘ఎక్కడ, ఎప్పటినుంచి, ఏం చేస్తే ఎక్కువ, ఏం చేస్తే తక్కువ’ అని నాలుగు ప్రశ్నలకు జవాబులు చేర్చండి. నోట్‌బుక్ చివరి రెండు పేజీలు ఇలాంటి మాటల నిఘంటువుకి వదిలేయండి. విశాఖ నుంచో విజయవాడ నుంచో వచ్చి ఇక్కడ చదువుతున్న పిల్లలకైతే అది పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ పనికొస్తుంది. మన యాసను చూసి నవ్విన స్టూడెంట్‌కి మన మామ్మలు రెండో రోజు ఏమీ చెప్పరు.

సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చే సవర గిరిజన రోగుల దగ్గర తెలుగే చాలకపోవచ్చు. వాళ్ళతో వచ్చిన చిన్నపిల్లను మధ్యవర్తిగా పెట్టి తల్లి నెలసరి గురించో, మూత్రం గురించో అడిగించకండి. ఆ తల్లి నిజం చెప్పదు, ఆ పిల్ల మోయలేని బరువు మోస్తుంది. భాష తెలిసిన ఆశా కార్యకర్తను గానీ, స్టాఫ్‌లో ఎవరినైనా గానీ పిలిపించండి. కనీసం నొప్పి, నీళ్ళు, అన్నం, చాలు, ఆగు అన్న ఐదు మాటలైనా వాళ్ళనే అడిగి నేర్చుకోండి. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేసిన గిడుగు రామమూర్తి పంతులు మన ముఖలింగం పక్కన పర్వతాలపేటలో 1863లో పుట్టినవాడే. ఆ కొండల్లో తిరుగుతూ మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడకంతో వినికిడి పోగొట్టుకున్నాడు. క్వినైన్ చెవి మీద చూపే ప్రభావం ఫార్మకాలజీలో మీరు చదివిందే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న కాలేజీలో పాటలు పాడతాం, మరుసటి రోజు వార్డులో సవర అవ్వకి గట్టిగా అరిచి తెలుగు చెప్తాం. అరిస్తే భాష అర్థం కాదు కదా!

4. ఒంటితో పాటు ఇల్లు, డబ్బు, భయం, నమ్మకం

ఆరోగ్యం అంటే రోగం లేకపోవడం ఒక్కటే కాదు, శారీరక, మానసిక, సామాజిక శ్రేయస్సు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లోనే నిర్వచించింది. మీరు బట్టీ పట్టిన వాక్యమే. దాన్ని మంచం దగ్గర వాడడం ఇలా.

వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం లాంటివి) చూస్తున్నప్పుడే మాట కలపండి, విడిగా ఫారం పట్టుకుని కూర్చోకండి. “ఇంట్లో వంట ఎవరు చేస్తారు?” అని అడిగితే తిండి, కుటుంబం, ఒంటరితనం మూడూ బయటపడతాయి. “ఇక్కడికి ఎలా వచ్చారు, ఎంతసేపు పట్టింది?” అంటే డబ్బు సంగతి దానంతటదే వస్తుంది. డయాలసిస్ చాలామందికి వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల నుంచి వచ్చే మనిషికి రాకపోకలు కలుపుకుంటే వారంలో మూడు రోజులు పోయినట్టే. కూలి పోతుంది. తోడు వచ్చిన మనిషి కూలీ పోతుంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రి తెరిచాక దూరం కొంత తగ్గింది, కానీ పోయే రోజు పోతూనే ఉంది. ఈ లెక్క తెలిస్తే ‘డయాలసిస్ ఎందుకు మానేశావు?’ అన్న ప్రశ్న మీ నోటి నుంచి వేరే గొంతుతో వస్తుంది.

ఉద్దానంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి కిడ్నీ జబ్బుకి ఫలానాదే కారణమని ఇంతవరకు ఖాయంగా తేలలేదు. ఒక్కో వీధిలో ఇద్దరు ముగ్గురు పోయిన ఊళ్ళున్నాయి. అలాంటి ఊరి మనిషి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పని చేస్తోందో చెప్పే రక్త పరీక్ష) ఎంత వచ్చిందని అడుగుతున్నాడంటే ‘నా వంతు వచ్చిందా?’ అని అడుగుతున్నట్టు. అంకె ఒక్కటీ చెప్పి వెళ్ళిపోకండి. రిపోర్టు అర్థం చెప్పాల్సింది డాక్టరు. మీరు చేయగలిగింది ఆ భయాన్ని విని, డాక్టరు రౌండ్లకి వచ్చినప్పుడు ‘ఈయన ఈ సంగతి అడగాలనుకుంటున్నారు సార్’ అని గుర్తు చేయడం. అదే పెద్ద సేవ.

తాయెత్తు, పసుపు తాడు, అరసవల్లి నుంచి తెచ్చిన కుంకుమ, దర్గా దారం, మెడలో శిలువ ఏదైనా సరే, అడగకుండా తీయకండి, జరపకండి. ఆపరేషన్‌కి తప్పనిసరిగా తీయాల్సి వస్తే వాళ్ళ చేతనే తీయించి, వాళ్ళవాళ్ళ చేతికే ఇప్పించండి. పసరు మందు సంగతి అడిగేటప్పుడు మొహంలో వెటకారం కనపడకూడదు. “చాలామంది నాటుమందు కూడా వాడతారండీ, మీరేమైనా వాడారా?” అంటే చెప్తారు. “ఆకులూ అలములూ తిన్నావా?” అంటే ఎవరు చెప్తారు! మీరు ఒప్పుకోనక్కర్లేదు, తెలుసుకుని డాక్టరుకు చెప్పాలి, అంతే.

5. కేర్ ప్లాన్‌లో రోగి కోరిక ఒక వరుస

మనం రాసే కేర్ ప్లాన్‌లో లక్ష్యాలన్నీ మనవే: ఎడెమా (ఒంట్లో వాపు) తగ్గాలి, బీపీ అదుపులోకి రావాలి. ‘మీకు ముందుగా ఏది కుదుటపడాలి?’ అని అడిగి, వచ్చిన జవాబుని మొదటి వరుసలో రాయండి. ఒకావిడ నాతో అంది: “రాత్రి ఓ రెండు గంటలు నిద్ర పడితే చాలమ్మా.” కారణం దురద. కిడ్నీ జబ్బులో దురద మామూలే. ఆ సంగతి పైకి చెప్పి మందు రాయించి, గోళ్ళు కత్తిరించి, ఒంటికి తేమ నిలిచే క్రీము రాసి, రాత్రి ఆ మూల లైటు తగ్గించాం. తర్వాత ఉప్పు గురించి నేను చెప్పిందంతా ఆవిడ వింది. అంతకుముందు వారం ఎందుకు వినలేదో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక తాత అంబలి సంగతి. ఆ తప్పు నుంచి పుట్టిన పద్ధతే ఇప్పటికీ మా పిల్లలకు నేర్పుతున్నాను. రోజుకి ఎంత ద్రవం అన్నది డాక్టరు చెప్తారు. మామూలుగా ముందురోజు వచ్చిన మూత్రానికి సుమారు 500 మిల్లీలీటర్లు కలిపి లెక్క కడతారు, మనిషిని బట్టి మారుతుంది. ఆ కొలతకి సరిపడే సీసా ఒకటి నీళ్ళతో నింపి ఇంట్లో పెట్టుకోమనండి. గ్లాసు టీ తాగితే సీసాలోంచి గ్లాసు నీళ్ళు పారబోయాలి. అంబలి, గంజి, చారు, మజ్జిగ దేనికైనా అంతే. సీసా ఖాళీ అయితే ఆ రోజు కోటా అయిపోయినట్టు. చదువు రాని మనిషికీ ఇది తెలుస్తుంది. దాంతోపాటు ఉప్పు. ఊరగాయా, ఎండు చేపా తిని దాహం వేస్తుంటే తాగొద్దనడం దండగ. దాహాన్ని పుట్టించేదాన్ని ముందు తగ్గించాలి. కొబ్బరి తోటల మధ్య బతికేవాళ్ళకి కొబ్బరి నీళ్ళు వద్దనడం ఇంకా కష్టం. చలవ చేసే అమృతం అని తరాలుగా తాగుతున్నారు, దాన్లో పొటాషియం ఎక్కువని, పని చేయని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదని, అది పెరిగితే గుండె లయ తప్పుతుందని నెమ్మదిగా చెప్పాలి. ఒక్కరోజులో అయ్యేది కాదు.

చెప్పాక ‘అర్థమైందా?’ అనకండి. అందరూ అయిందనే అంటారు, మా తాత తలూపినట్టు. “ఇంటికెళ్ళాక మీ కోడలికి ఏమని చెప్తారు?” అని అడగండి. వాళ్ళ నోటితో చెప్పినప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ మన చెప్పడంలో లోటు ఉంది.

6. చేతి పనులు

ప్రొసీజర్లు మీ మాన్యువల్‌లో ఉన్నాయి, మళ్ళీ రాయను. రెండు మాటలు మాత్రం. తెర లేని వార్డులో మంచం పక్కన అటెండెంట్ చేత దుప్పటి పట్టించి అయినా సరే, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మరుగు కల్పించండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపి చేసిన దారి) ఉన్న చేతికి బీపీ కట్టకండి, సూది గుచ్చకండి. రోజూ వేలితో తాకి లోపల రుయ్యిమనే కంపనం ఉందో లేదో చూడడం రోగికే నేర్పండి, అది ఆగితే వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పండి. కొబ్బరి గెల ఆ భుజాన మోయకూడదన్నది వాళ్ళ బతుకుతెరువుకి సంబంధించిన మాట. చెప్పేటప్పుడు ఇంకెవరు మోస్తారో కూడా అడగండి.

7. డ్యూటీ అప్పగింత

పరిస్థితి, నేపథ్యం, మీరు గమనించింది, మీరు కోరేది. ఈ నాలుగు వరుసల పద్ధతి అమెరికా నౌకాదళం జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చింది. తక్కువ మాటల్లో ప్రాణం మీదికి రాకుండా చెప్పడం అక్కడా ఇక్కడా అవసరమే కదా. నేను ఐదోది కలుపుతాను: రోగి అన్న ఒక మాట, యథాతథంగా. “రాత్రి కొడుకు ఫోను చేయలేదని దిగులుగా ఉన్నారు” అన్న ముక్క రాత్రి డ్యూటీ సిస్టర్‌కి సెలైన్ లెక్కంత అవసరం అవుతుంది ఒక్కోసారి.

8. హాస్టల్‌కి వచ్చాక: పావుగంట నోట్‌బుక్

కాలేజీకి ఇచ్చే రిఫ్లెక్షన్లు, అంటే వార్డు అనుభవాన్ని వెనక్కి చూసుకుని రాసేవి, ఎన్ని చదివానో లెక్కలేదు. నూటికి తొంభై ఇలా ముగుస్తాయి: ‘ఈ అనుభవం ద్వారా కమ్యూనికేషన్ ప్రాముఖ్యత తెలుసుకున్నాను.’ వార్డుకి వెళ్ళకుండానే రాయగలిగిన వాక్యం అది. దానికి మార్కులు వేసిన మాదీ తప్పే.

పని చేస్తూ చేస్తూ ఆలోచించడం వేరు, పని అయ్యాక వెనక్కి చూసుకోవడం వేరు అని అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ షాన్ 1983లో విడదీసి చెప్పాడు. రెండోదానికి 1988లో గ్రాహం గిబ్స్ ఆరు మెట్లు గీశాడు. ఆయన నర్సు కాదు, బోధన గురించి పని చేసినవాడు, అయినా నర్సింగ్ వాళ్ళం మనమే ఎక్కువ పట్టుకున్నాం. ఆ ఆరింటినీ నా తాత సంగతితోనే చూపిస్తాను, మీరు మీ సంగతి పెట్టుకోండి.

ఏం జరిగింది? ఇక్కడ అభిప్రాయం రాయకూడదు. ‘రోగి మాట వినలేదు’ అన్నది అభిప్రాయం. ‘నీళ్ళు తగ్గించమని రెండుసార్లు చెప్పాను, మూడోసారీ బరువు అంతే ఉంది, ఆయన అంబలి తాగినట్టు ఆయాతో చెప్పాడు’ అన్నది జరిగింది.

నాకు ఏమనిపించింది? ఈ ప్రశ్న దగ్గరే అందరూ జారుకుంటారు. ‘బాధ కలిగింది’ అని రాసి దాటేస్తారు. నాకు నిజంగా కలిగింది సిగ్గు. అంతకన్నా ముందు కోపం, ఆయా మీద. నేను అడగాల్సిన ప్రశ్న ఆవిడ అడిగిందని. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఏది బాగా జరిగింది, ఏది చెడింది? బరువు లెక్క సరిగ్గా చూశాను. కారణం అడగలేదు. గొంతు పెంచాను.

ఎందుకలా జరిగింది? ‘ద్రవం’ అన్న మాటకి నా అర్థం పుస్తకంలోది, ఆయన అర్థం వంటింటిది. ఇంకా లోపలికి వెళ్తే, చదువుకున్నదాన్ని నేను కాబట్టి చెప్పేదాన్ని నేనే, వినేవాడు ఆయనే అని నాకు తెలియకుండానే అనుకున్నాను. మా ఇంట్లోనూ అంబలే తాగేవాళ్ళం. తెల్ల కోటు వేసుకోగానే అది మరిచిపోయాను.

ఇంకేం చేసి ఉండొచ్చు? లేచింది మొదలు పడుకునేదాకా నోట్లోకి ఏమేం వెళ్ళిందో వరసగా చెప్పమని అడగొచ్చు.

ఈసారి ఏం చేస్తాను? ఇది చిన్నదిగా, తేదీతో ఉండాలి. ‘బాగా మాట్లాడతాను’ అని కాదు. ‘సోమవారం ముగ్గురు రోగులను నిన్నటి తిండి గంటవారీగా అడుగుతాను’ అని. సోమవారం రాత్రి ఆ పేజీ మళ్ళీ తెరిచి, అడిగానా లేదా అని ఒక్క ముక్క రాయాలి.

నేను ఆ సోమవారం ఇద్దరినే అడిగాను. మూడో ఆవిడ నిద్రపోతోంది.

రోజూ ఆరు మెట్లూ ఎక్కాల్సిన పని లేదు. వారానికి ఒక్క సంఘటన చాలు. మిగతా రోజుల్లో రెండు వాక్యాలు: ఇవాళ నాకు గుచ్చుకున్నది ఏమిటి, ఎవరి మాట వినకుండా వచ్చేశాను. తప్పులే రాయాలని కూడా లేదు. ఏడుస్తున్న పిల్లాడికి ఇంజెక్షన్ ఎలా చేయగలిగారో రాయండి, మళ్ళీ పనికొస్తుంది.

రోగి పేరు, బెడ్ నంబరు, ఊరి పేరు నోట్‌బుక్‌లో వద్దు. ‘ఒక తాత’ చాలు. ఊరు చిన్నది, జబ్బు పేరూ వీధి పేరూ కలిస్తే మనిషి ఎవరో తెలిసిపోతాడు. ఫోనులో ఫొటో అసలు వద్దు, వాట్సాప్ స్టేటస్‌లో ‘నా మొదటి డెలివరీ కేసు’ అని పసిపాప కాళ్ళు పెట్టడం కూడా అదే తప్పు.

9. మీ చేతుల్లో మనిషి పోయిన రోజు

ఏదో ఒక రోజు వస్తుంది. సీనియర్లు చెప్పిన పనులు చేయండి, కళ్ళు మూయడం, ఒళ్ళు తుడవడం, బట్ట సర్దడం. చేస్తూ ‘ఒళ్ళు తుడుస్తున్నానమ్మా’ అని ఆ మనిషికి చెప్పే పాత సిస్టర్లను చూశాను, నాకూ ఆ అలవాటు పట్టింది. ఇంటివాళ్ళకు వాళ్ళ పద్ధతి ప్రకారం చేసుకోవాల్సింది ఏదైనా ఉందా అని అడగండి, వార్డు నియమాలు ఒప్పుకున్నంత వరకు వీలు చేయండి. ‘ఏడవకండి’ అనకండి, నీళ్ళ గ్లాసు ఇచ్చి పక్కన నిలబడండి. మీకే ఏడుపొస్తే స్టోరు గదిలోకి వెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని రండి. అదేమీ తప్పు కాదు. మూడు నాలుగు రోజులైనా నిద్ర పట్టకపోతే, ఆ మంచం వైపు వెళ్ళలేకపోతే, మీ ఇన్‌స్ట్రక్టర్‌తోనో నమ్మకమున్న సీనియర్‌తోనో మాట్లాడండి. అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళండి. ఆ రోజు ఆరు మెట్లు వద్దు. తేదీ వేసి, ఆ మనిషి చెప్పిన ఒక మాట రాసి మూసేయండి, నెల తర్వాత తెరవొచ్చు.

నెలాఖరున ఆ నెల పేజీలన్నీ ఒకసారి తిరగేయండి. మీ రాతలో ఒకే రకం మనిషి మీద విసుగు పదేపదే కనపడుతోందా, తాగి వచ్చినవాళ్ళ మీదో, మళ్ళీ మళ్ళీ అడిగే అత్తగార్ల మీదో? అక్కడ గీత గీసి పెట్టుకోండి. మాకు ఇవ్వాల్సింది అందులోంచి మీరు ఎంచుకున్న ఒక్క పేజీ. దాన్ని విడిగా తిరగరాసి తెచ్చివ్వండి. నోట్‌బుక్ మీ దగ్గరే ఉంచుకోండి, అది నాకు చూపించనక్కర్లేదు.